రైస్ అంటే ఏది?

సుల్తానాబాద్ మీదుగా పోయే రాజీవ్ రహదారి పక్కన మిల్లుల బోర్డులు చదువుకుంటూ వెళ్తే ఒక మాట అన్నిటి మీదా కనిపిస్తుంది: రైస్. గేటు దాటి లోపలికి పోతే ఆ మాట దాదాపు ఎవరి నోటా వినిపించదు. వడ్లు దిగుతున్నాయంటారు, బియ్యం పడుతున్నాయంటారు, తవుడు బస్తాలకు ఎత్తుతున్నారంటారు, హమాలీలు బువ్వకు పోయారంటారు. ఇంగ్లీషులో ఒక్క మాట పరుచుకున్న జాగాలో తెలుగు ఇన్ని మాటలు ఎందుకు పెట్టుకుంది? ఇది మన గొప్పా, వాళ్ల లేమా? ఇప్పుడు ఆ ఒక్క మాటే మన మాటల మీదికి వచ్చి కూర్చుంటే పోయేదేమిటి? ఈ వాదాన్ని ఇద్దరికి అప్పగిస్తున్నాను. ఒకరు ఉద్యోగం నుంచి దిగిపోయిన తెలుగు పంతులు. మరొకరు ఎం.ఏ. చదివి మిల్లులో లెక్కలు రాసుకునే గుమాస్తా. ఇద్దరూ కల్పితం, వాళ్ల నోట వచ్చే లెక్కలు కాదు. నా మొగ్గు గుమాస్తా వైపని ముందే చెప్పేస్తున్నాను.

పంతులు: పొలంలో ఉన్నన్నాళ్లూ అది వరి. గింజ రాలితే వడ్లు. పొట్టు తీస్తే బియ్యం. ఉడికితే అన్నం, పసిపిల్లకు తినిపించేటప్పుడు బువ్వ, కోపం వస్తే కూడు. గింజ విరిగితే నూక, లోపల పాలు పోసుకోకపోతే తాలు, పైపొట్టు ఊక, లోపలి పొర తవుడు. ఉడికినదాంట్లో ఒక్కదాన్ని వేళ్ల మధ్య పట్టుకుంటే మెతుకు. మెదక్ ప్రాంతాన్ని మెతుకుసీమ అని పిలుచుకున్నది ఊరికే కాదు. ఇంగ్లీషులో ‘ఏ గ్రెయిన్ ఆఫ్ రైస్’ అన్నావనుకో తమ్మీ, అది బస్తాలోని గింజో విస్తట్లోని మెతుకో చెప్పడానికి ఇంకో వాక్యం కావాలి. ఒకటి మొలకెత్తకపోయినా మూడు నెలలు నిలవ ఉంటుంది, ఇంకొకటి తెల్లారితే పాచిపోతుంది. ఈ రెంటికీ తేడా పట్టని మాటను తెచ్చి పిల్లల నోట్లో పెడుతున్నాం. పొలంలో రైస్ పండుతుంది, సంచిలో రైస్ తెచ్చారు, కంచంలో రైస్ పెట్టు! తొమ్మిది గదుల ఇంటికి గోడలు పడగొట్టి ఒకటే హాలు చేసుకున్నట్టుంది.

గుమాస్తా: మాటలు లెక్కవెట్టుడు మొదలువెడితె రేపు మనమే ఓడిపోతం సార్. గోధుమ సంగతి తీసుకోండి. పిసికిన పిండిని వాళ్లు డో అంటరు, కాల్చిన ముద్దను లోఫ్ అంటరు, పైన గట్టి పొరకు క్రస్ట్, లోపటి మెత్తదానికి క్రంబ్, మళ్ల కాలిస్తె టోస్ట్. మనం దుకాణంకు పోయి బ్రెడ్డు అంటం, అయిపాయె. అట్లని తెలుగు పేద భాష అంటె మీరు ఒప్పుకుంటరా? ఎవరి కంచం కాడ వాళ్లకు మాటలు మస్తుగుంటయి. మల్ల ఇది తెలుగు ఒక్కదాని సొత్తు గూడ కాదు. తమిళంల నెల్లు, అరిసి, సోరు. కన్నడంల భత్త, అక్కి, అన్న. హిందీల ధాన్, చావల్, భాత్. ఇండోనేసియాల చేన్ల ఉన్నది పాడి, పొట్టు తీస్తె బెరస్, వండితె నాసి. వరి పండిచ్చే ప్రతి జాగల ఇదే కథ, ఎందుకంటె ప్రతి మెట్టు కాడ ఆ గింజ చేతులు మారుతది, తూకం మారుతది, ధర మారుతది. పేరు మారకపోతె బేరం కుదరదు. మాటలు ఎక్కువున్నయని మురుస్తె ఎస్కిమోల మంచు కథనే అయితది. 1911ల ఫ్రాంజ్ బోవాస్ వాళ్ల భాషల మంచుకు నాలుగు ధాతువులు ఉదాహరణగ రాసిండు. ఎనకొచ్చినోళ్ల చేతుల నాలుగు కాస్త యాభై అయినయి, వంద అయినయి. 1986ల లారా మార్టిన్ అనే ఆమె ఆ పెరుగుడంతా వరుస పెట్టి చూపిచ్చింది, 1991ల జెఫ్రీ పుల్లమ్ ఆ కథ పేరు మీదనే పుస్తకం ఏసి నవ్విండు. గింజ పేర్లు లెక్కవెట్టి భాష బలం తేల్చుడు గసొంటిదే.

పంతులు: సరే, లెక్క వదిలేద్దాం. ఇంగ్లీషుకు ‘ప్యాడీ’ అని రెండో మాట ఉంది గదా అని నువ్వు అనకముందే నేనే అంటాను. అది వాళ్లు మలయ్ నుంచి తెచ్చుకున్నది, ఇందాక నువ్వు చెప్పిన పాడియే. మన పాడీ పంటల పాడి కాదు. రైస్ కూడా అరువే. గ్రీకు ఒరైజా లాటిన్లోకి, ఫ్రెంచిలోకి వచ్చి అక్కడి నుంచి ఇంగ్లీషుకు చేరింది. ఆ గ్రీకు మాట వెనక ద్రావిడ మూలం ఉందని, మన ‘వరి’ దానికి చుట్టమని వాదించిన భాషావేత్తలు ఉన్నారు. అది తేలని వ్యాజ్యం, దాన్ని పట్టుకుని జబ్బలు చరుచుకోను. నా దుఃఖం వేరే. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి గారు మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం తెచ్చారు, అంతా వ్యవసాయ పదాలే. పండితుల పుస్తకాల నుంచి కాకుండా రైతుల నోటి నుంచి ఏరించిన మాటలు. అందులో కల్లం చుట్టూ అల్లుకున్న మాటలు ఇవాళ ఎంతమందికి తెలుసు? పన, కుప్ప, పశువులతో బంతి కట్టి తొక్కించడం, గాలికి నిలబడి తూర్పారపట్టడం. నీ మిల్లుకు వడ్లు తెచ్చే ఇరవై ఏళ్ల పిల్లగాణ్ణి అడుగు, ఇందులో రెండు చెప్తే గొప్ప. ఇంగ్లీషు తిన్న మాటలివి.

గుమాస్తా: ఇంగ్లీషు తినలే సార్, హార్వెస్టర్ తిన్నది. మిషన్ చేన్లకు దిగినంక పన లేదు, కుప్ప లేదు, తూర్పార పట్టేది లేదు. కోసినకాడనే వడ్లు ట్రాక్టర్ల పడుతున్నయి. పని పోయింది, పనితోని మాట పోయింది. ఆ మిషన్‌కు మీరు అచ్చ తెలుగు పేరు పెట్టినా బంతి కట్టుడు వాపస్ రాదు. వచ్చిన మాట ఎట్ల వచ్చిందో చూడండి మరి. మాయిశ్చర్ అనేది రైతు నోట్ల మ్యాచర్ అయ్యింది. కొనుగోలు కేంద్రం కాడ ‘మ్యాచర్ వచ్చిందా’ అని అడగని రైతు లేడు. తేమ అనే మాట లేక కాదు. తేమ అంటె పిడికిట్ల వడ్లు వట్టి, ఒక గింజ పంటికింద పెట్టి కటుక్కుమంటదా మెత్తగ నలుగుతదా అని చూసుకునేది. మ్యాచర్ అంటె మీటర్ మీద 17 కంటె మీద ఉన్నదా, కిందికి దిగిందా అనేది. పంటికి ఎండినట్టు తెలిసిన వడ్లకు గూడ మీటర్ల మ్యాచర్ రాకపోవచ్చు, అప్పుడు ఇంకో రెండు దినాలు రోడ్డు మీదనే ఆరబోసి కావలి కాయాలె. రెండూ ఒకటైతె రైతుకు ఇంత తిప్పలెందుకు? తేమ తన చేతిల ఉన్నది, మ్యాచర్ సర్కారు చేతిల ఉన్నది. రైస్ గూడ గంతే. మిల్లుల రైస్ అంటె బియ్యం కాదు. సర్కారు కొన్న వడ్లు మేం ఆడిచ్చి వాపస్ ఇయ్యాల్సిన బాకీ అది, కస్టమ్ మిల్లింగ్ రైస్. ‘బియ్యం ఎంత పడ్డయి’ అంటె మిషన్ సంగతి, ‘రైస్ ఎంత ఉన్నది’ అంటె అప్పు సంగతి. ఒడి బియ్యం పోసుకున్న ఆడిబిడ్డ కాడికి పోయి ఒడి రైస్ అనండి, నవ్వుతరు. తలంబ్రాల బియ్యం, కంట్రోల్ బియ్యం ఎక్కడియి అక్కడనే ఉన్నయి. కంట్రోల్ ఇంగ్లీషుదే, ఎనక బియ్యం మనదే. రైస్ వచ్చి బియ్యాన్ని ఎల్లగొట్టలే, బియ్యానికి లేని పని ఒకటి మీదేసుకున్నది.

గుమాస్తా మాటల్లో నాకు నచ్చింది ఇదే. అరువు మాట ఊళ్లోకి వచ్చాక తన ఊరి అర్థాన్ని మోయదు. ఇంగ్లీషులో పొలం నుంచి పళ్లెం దాకా పరుచుకున్న రైస్ మన దగ్గరికి వచ్చి సన్నబడింది. జపాన్‌లోనూ ఇదే జరిగింది. గిన్నెలో వడ్డిస్తే గొహాన్, అదే అన్నాన్ని పాశ్చాత్య పద్ధతి హోటల్లో పళ్లెంలో పెడితే రైసు. పొయ్యి ఒకటే, బియ్యం ఒకటే, గిన్నె మారింది. అయితే పంతులు అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు.

పంతులు: సన్నబడలేదు తమ్మీ, అంతస్తు ఎక్కింది. నీ మిల్లులో పట్టే తవుడు ఎడ్లకూ బర్లకూ పెట్టేది. అదే తవుడు నుంచి తీసిన నూనె డబ్బా మీద ఏమని రాస్తారు? రైస్ బ్రాన్ ఆయిల్. ‘తవుడు నూనె’ అని పెద్దక్షరాలతో రాస్తే ఎవరు కొంటారు? దంపుడు బియ్యం బీదవాడి ఇంట్లో ఉన్నన్నాళ్లు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, బ్రౌన్ రైస్ కాగానే ధర పెరిగింది. పెరుగన్నం ఇంట్లో, కర్డ్ రైస్ హోటల్లో. పర్యాయపదాలని వ్యాకరణం చెప్తుంది, బిల్లు మాత్రం వేర్వేరు మొత్తాలు చెప్తుంది. ఇంటి మాట చవక, బయటి మాట ఖరీదు అని పిల్లకు చిన్నప్పుడే తెలిసిపోతే ఆమె ఏ మాట పట్టుకుంటుంది?

గుమాస్తా: పెరుగన్నానికి ఇంకో పర్యాయపదం ఉన్నది, మీరు యాది మరిసిన్రు. దద్దోజనం. దధి, ఓదనం కలిపి మనమే చేసుకున్నది. గుడిల పెడితె దద్దోజనం, ఇంట్ల పెరుగన్నం, హోటల్ల కర్డ్ రైస్. మెట్లు కట్టుడు ఇంగ్లీషు నేర్పలే సార్, సంస్కృతం ఎప్పుడో నేర్పింది. కూడు అనే మన మాటను కిందికి దింపి పైన అన్నాన్ని కూసోబెట్టినప్పుడు ఏ ఇంగ్లీషోడున్నడు? అన్నం సంస్కృతందే గదా. ఇయ్యాల మీరు ఆ అన్నం తరఫున రైస్ మీద కొట్లాడుతున్నరు. దావత్‌ల బగారన్నం అని ఒకలంటరు, బగారా రైస్ అని ఇంకొకలంటరు, విస్తట్ల ఒకటే పడుతది. నూనె డబ్బా సంగతి మాత్రం ఒప్పుకుంట. అండ్ల మోసం ఉన్నది, కాని అది మాటల మోసం కాదు, అమ్ముకునేటోని ఉపాయం. అమెరికాల ఈ తగువు ఎదురు దిక్కు నుంచి నడిచింది. పువ్వు గోబీని సన్నగ తురిమి క్యాలీఫ్లవర్ రైస్ అని అమ్ముతుంటె, ఆ దేశంల అందరికంటె ఎక్కువ వరి పండిచ్చే ఆర్కాన్సాస్ రాష్ట్రం 2019ల చట్టం చేసింది, వరి గింజ కానిదానికి రైస్ అని పేరు పెట్టొద్దని. వాళ్ల మాటను వాళ్లే కావలి కాసుకుంటున్నరు.

పంతులు: మాటను కావలి కాయాలని వాళ్లకు తెలిసింది, మనకు తెలియలేదు. అందుకు రుజువు నీ మిల్లు వాకిట్లోనే ఉంది. 2021లో, 2022లో ఈ జిల్లాల్లో రైతును ఏడిపించిన మాట ఏది? బాయిల్డ్ రైస్. ఇంగ్లీషు తెలిసిన ఏ ఢిల్లీ మనిషినైనా అడుగు, బాయిల్డ్ రైస్ అంటే ఉడికిన బియ్యం, అంటే అన్నం. ఇక్కడ దానికి అర్థం ఉప్పుడు బియ్యం. మనకు రెండు మాటలు ఉండగా రెంటినీ కలిపేసే మాటను పట్టుకుని కాగితాలు నడిపాం. కేంద్రం బాయిల్డ్ రైస్ వద్దంది, రా రైస్ అయితే ఇవ్వండంది. రాష్ట్రం వడ్లు కొనండంది. ఒకరు వడ్లు అంటున్నారు, ఒకరు రైస్ అంటున్నారు, గింజ మాత్రం కల్లంలో తడుస్తోంది. 2022 ఏప్రిల్ 11న అప్పటి ముఖ్యమంత్రే ఢిల్లీలో ధర్నాకు కూర్చోవలసి వచ్చింది. మాట తేటగా ఉంటే ఇంత దూరం పోయేదా?

గుమాస్తా: పోయేది సార్. మాట తేటగ లేక కాదు, మస్తు తేటగ ఉండబట్టే పోయింది. లెక్క చెప్త చూడండి. క్వింటాల్ వడ్లు ఇస్తె మిల్లు 67 కిలోల పచ్చి బియ్యమన్న ఇయ్యాలె, లేకుంటె 68 కిలోల ఉప్పుడు బియ్యమన్న ఇయ్యాలె. పచ్చి బియ్యంల నూక నూటికి 25 దాకా నడుస్తది, ఉప్పుడు బియ్యంల 16 దాకా. శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ మీద ఆధారపడి మనకాడ యాసంగి వరి ఏస్తరు, అది కోతకొచ్చేది ఏప్రిల్, మే నెలలల్ల. ఎండ నలభై దాటినంక గింజ చేన్లనే జెరజెర ఎండి లోపట పగులుతది. పైకి కనవడది, పొట్టు కింద సన్నటి గీత. పచ్చిగ మిషన్ల ఏస్తె ఆ గీత కాడ పుటుక్కుమని విరుగుతది, నూక 25 కాడ ఆగది. అదే వడ్లను నానవెట్టి, ఆవిరి పట్టి, ఎండవెట్టి ఆడిస్తె లోపటి పిండి కరిగి పగులు అతుక్కుంటది, గింజ నిండుగ వస్తది. కాబట్టి బాయిల్డ్ వద్దు, రా కావాలె అంటె దాని మతలబు ఏంది? ఆ పగులు ఖర్సు ఎవరు మొయ్యాలె అని. ఢిల్లీ రైస్ అన్నది, ఎందుకంటె రైస్ అంటె పగులు మిల్లు కాడికో రాష్ట్రం కాడికో పోతది. రాష్ట్రం వడ్లు అన్నది, ఎందుకంటె వడ్లు అంటె పొట్టు కింద ఉన్న పగులుతో సహా కొనాలె. రెండు దిక్కులా ఏ మాట పట్టుకోవాల్నో సోయి ఉండే పట్టుకున్నరు. బాయిల్డ్ బదులు ఉప్పుడు అని తెలుగుల రాసినా కొట్లాట ఆగకపోయేది. ధర్నా తెల్లారి వడ్లు మేమే కొంటమని రాష్ట్రం ఒప్పుకున్నది, ఏ గ్రేడ్ క్వింటాల్ 1,960కి. దానితోని పగులు గూడ రాష్ట్రం కాడికే వచ్చింది.

ఇక్కడ ఒక చిన్న మాట కలుపుతాను. ఆ గొడవ నడుస్తుండగా తెలంగాణ వాళ్లను నూకలు తినమని కేంద్రం వైపు నుంచి అన్నారని రాష్ట్ర మంత్రులు ఆరోపించారు. ఆ మాట అన్నారా లేదా అన్న పంచాయితీ నాకు అక్కర్లేదు. అది ఇక్కడ అంత గట్టిగా ఎందుకు తగిలిందన్నదే నాకు కావాలి. ఇంగ్లీషులో బ్రోకెన్ రైస్ అంటే ఒక సరుకు, దానికో ధర ఉంది, కొనేవాళ్లున్నారు. తెలుగులో నూకలు ఆయుష్షు. ఈ భూమ్మీద నూకలు చెల్లాయంటే మనిషి పోయాడని. ఒక గింజ విరిగితే ఇంగ్లీషులో సరుకు గ్రేడు తగ్గుతుంది, తెలుగులో మనిషి లెక్క గుర్తుకొస్తుంది. మాటల సంఖ్యను పక్కన పెట్టమన్న గుమాస్తా వాదం సరైనదే గానీ, మాటల వెనక ఉన్న బరువును ఆయన లెక్కలో చేర్చలేదు. ఆ బరువు అనువాదంలో దిగదు.

పంతులు: నీ లెక్కనే నమ్ముతాను తమ్మీ. గింజ చేతులు మారే చోటల్లా పేరు మారుతుందన్నావు, పేరు మారితే నష్టం ఎవరిదో తేలుతుందన్నావు. మరి దొడ్డు, సన్నం సంగతి చెప్పు. ఎంటీయూ 1010 అసలు పేరు కాటన్‌దొర సన్నాలు. పేరులోనే సన్నం ఉంది. మీ మార్కెట్లో దాన్ని దొడ్డు వడ్లంటారు.

గుమాస్తా: దొడ్డే అంటం. పేరు పెట్టినోళ్లు గింజ రూపు చూసి పెట్టిన్రు, మేం తినేటోని నోరు చూసి పెట్టినం. 2024 వానకాలం పంట నుంచి సన్నాలకు క్వింటాల్‌కు 500 బోనస్ అన్నంక సర్కారుకు గూడ సన్నం అంటె ఏందో చెప్పాల్సిన అవసరం పడ్డది. బియ్యం గింజ పొడుగు 6 మిల్లీమీటర్ల లోపట, వెడల్పు 2 లోపట, ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తె 2.5 కంటె మీద ఉండాలె. కొనుగోలు కేంద్రంల పిడికెడు వడ్లు తీసి చిన్న యంత్రంల పొట్టు రాలగొడుతరు, ఒక్కొక్క గింజ తీసి కొలిచే పరికరం దవడల మధ్య పెడుతరు, ముల్లు ఎక్కడ ఆగుతదో చూస్తరు. ఎన్కట అవ్వ చాటల పోసి ఒక్క విసురుతోని చెప్పిన మాట ఇప్పుడు ముల్లు చెప్తది. సన్నం అచ్చ తెలుగు మాటనే సార్, ఇంగ్లీషు ముక్క లేదు. అయినా అర్థం మాత్రం రైతు చేతుల నుంచి ముల్లు మీదికి పోయింది. మాట తెలుగుదైతె మనది, ఇంగ్లీషుదైతె వాళ్లది అనే లెక్క గిక్కడనే తప్పుతున్నది.

పంతులు: ఇది మాత్రం కాదనలేను. మాట మనదైనంత మాత్రాన కొలత మనది కాదు. అయితే ఇంకొక్క మాట అడుగుతాను, నువ్వు రోజూ వాడే మాటే. వడ్ల లారీ వచ్చినప్పుడు ట్రక్ షీట్ నీ చేతికి వస్తుంది. అందులో రైతు పేరు, బస్తాలు, క్వింటాళ్లు, మ్యాచర్, గ్రేడ్, అన్నీ ఉంటాయి గదా.

గుమాస్తా: ఉంటయి.

పంతులు: లారీ దగ్గర తాలు ఎక్కువుందని బస్తాకు ఇన్ని కిలోలు తీసేస్తారు. ప్రతి సీజన్‌లో ఏదో ఒక చోట రైతులు రోడ్డెక్కేది దాని మీదనే. దాన్ని ఏమంటారు?

గుమాస్తా: తరుగు.

పంతులు: వడ్లకు ప్యాడీ ఉంది, బియ్యానికి రైస్ ఉంది, నూకకు బ్రోకెన్, తవుడుకు బ్రాన్, ఊకకు హస్క్. తరుగుకు ఇంగ్లీషులో ఏమని రాస్తావు?

గుమాస్తా: రాయం సార్. దానికి కాలమ్ లేదు.